గుంయ్‌మనేది వూఫర్ కాదు

సినిమా అయిపోయింది, టీవీ కట్టేశాం. అయినా హాలు మూల నుంచి ‘గుంయ్’ అని సన్నటి మోత. సబ్‌వూఫర్ కొన్న మొదటి రాత్రే మాకీ తలనొప్పి మొదలైంది. అమ్మ వెళ్లి ఫ్రిజ్‌కి చెవి ఆనించి చూసింది. అమ్మిన కొట్టతనికి ఫోన్ చేస్తే, “ప్లగ్గులో మూడో పిన్ను పీకేయండి సార్, ఆగిపోతుంది” అన్నాడు. నిజంగానే ఆగింది. కానీ అది చేయకూడని పని. ఎందుకో తెలియాలంటే ఈ పెట్టె పుట్టుక దగ్గర్నుంచి రావాలి.

అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు గరాటు: ఇప్పటి స్పీకర్లలో దాదాపు అన్నిటికీ మూలమైన ఈ నమూనాను 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ వివరించారు. దీనికి బరువైన శబ్దమంటేనే కష్టం. స్వరం సగానికి దిగితే, అంతే గట్టిగా వినిపించడానికి గరాటు నాలుగింతల దూరం ఊగాలి. అందుకే అట్టడుగు శబ్దాలకు వేరే పెద్ద పెట్టె కావాల్సి వచ్చింది. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ సినిమాకి యూనివర్సల్ సంస్థ సెన్సరౌండ్ పేరుతో థియేటర్లలో పెద్ద పెద్ద వూఫర్లు పెట్టించింది. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్లో పైకప్పు పెచ్చులు ప్రేక్షకుల మీద రాలకుండా వల కట్టారంటే, అది సినిమా భూకంపమో అసలు భూకంపమో! 1992లో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చింది. మన పెట్టెల మీద కనిపించే 5.1లో ఆ ‘.1’ అనేది 120 హెర్ట్జ్ వరకూ ఉండే అడుగు శబ్దాల దారి.

చిక్కంతా ఆ అంకెల్లోనే ఉంది. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు. రెండూ సరిగ్గా వూఫర్ పాడే మేరలోనే పడతాయి. టీవీలోని చిన్న స్పీకరు 50 హెర్ట్జ్‌ను పలకలేదు కాబట్టి దానిలోకి కరెంటు మోత దూరినా మనకు తెలియదు. వూఫర్‌కు ఆ శ్రుతే కొట్టిన పిండి. అంటే చాలాసార్లు మోత దానిది కాదు, వైర్లలోది. వినిపించిన పాపానికి వూఫర్‌ని తిడుతున్నాం.

అయితే అది లోపలికెలా వచ్చింది? మా ఆంప్లిఫయర్‌కి రెండు పిన్నులే, ఎర్త్ లేదు. వూఫర్‌కి మూడు. సెట్‌టాప్ బాక్సుకి వీధి స్తంభం నుంచి కేబుల్ వైరు వస్తుంది. దాని చుట్టూ ఉండే లోహపు పైజల్లెడ ఎక్కడో మరోచోట భూమిని తాకుతుంది. మన గొయ్యిలోని ఎర్త్, కేబుల్ వాళ్ల ఎర్త్ ఒకే మట్టంలో ఉండవు. చిన్న తేడా చాలు, మా ఇంటి వైర్లన్నీ కలిసి ఒక వలయమై అందులో కొద్దిపాటి కరెంటు తిరుగుతుంది. వూఫర్‌కి పాట మోసే సన్న వైరు పైజల్లెడ కూడా ఆ వలయంలో భాగమే. పాట తిరిగొచ్చే దారీ అదే కావడంతో రెండూ కలిసిపోతాయి. వూఫర్‌లోని ఆంప్లిఫయర్ ఏది పాటో ఏది మోతో చూడదు, అన్నిటినీ పెంచుతుంది.

పట్టుకోవడం తేలికే. పాట వైరును వూఫర్ వైపు నుంచి ఊడదీయండి. (ఆంప్లిఫయర్ వైపు చివర తీసి వదిలేస్తే వేలాడే వైరే ఏరియల్ అయి ఇంకా అరుస్తుంది, నేనొక పూట ఇలాగే పోగొట్టుకున్నాను.) తీసినా మోత ఉందంటే జబ్బు పెట్టె లోపలే: ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము వణుకుతోందో, కెపాసిటర్లు చచ్చాయో. మెకానిక్‌ని పిలవాలి. తీయగానే ఆగిందా, వైరు మళ్లీ పెట్టి ఈసారి కేబుల్ టీవీ వైరు ఊడదీయండి. మా ఇంట్లో ఇక్కడే దొంగ దొరికాడు. ‘గుంయ్’ కాకుండా ‘జర్ర్’మని గీరినట్టుంటే దీపాల డిమ్మర్‌ని అనుమానించండి.

మందు? ముందు పెట్టెలన్నీ ఒకే స్విచ్‌బోర్డుకి తగిలించి చూడండి. అప్పటికీ పోకపోతే కేబుల్ వైరు మధ్యలో ఐసొలేటర్ అనే చిన్న బిళ్ల పెట్టించాలి. డిష్ ఉన్నవాళ్లకు అది పనికిరాదు, డిష్ ముక్కుకు కరెంటు అదే వైరులో వెళ్తుంది. వాళ్లు పాట వైరుకే ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి.

ఇక ఆ మూడో పిన్ను. అది తీస్తే వలయం తెగుతుంది, మోత ఆగుతుంది. కానీ రేపు లోపల తీగ ఊడి ఇనప చట్రాన్ని తాకితే 230 వోల్టుల కరెంటు భూమిలోకి పారడానికి దారుండదు, ఫ్యూజు ఎగరదు, ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. మా మూడో పిన్ను మర్నాడే తిరిగి పెట్టించాను. మీరూ ఎవరి మాటా విని పీకకండి. పీకి ఉంటే ఈ రాత్రే పెట్టించండి.