ఏడెనిమిదులెంత?

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల వీధిబడులలో సాయంకాలమున ఎక్కములు చెప్పించుచున్న వేళ ఆ దారిని పోవు బాటసారికి, పిల్లలు కంటబడకున్నను, వారు చదువునది ఏ ఎక్కమో దూరమునుండియే తెలిసెడిది. రెండవ ఎక్కము పరుగులు పెట్టును. ఐదవది తాళము తప్పక నడచును. ఏడవదానియందో, ‘ఏడు మూళ్ళు ఇరవైయొకటి’ వరకు బడియంతయు ఒక్క గొంతుకయై పలికి, ‘ఏడారులు నలభైరెండు’ కడకు వచ్చుసరికి సగము గొంతుకలు సన్నగిల్లి, ‘ఏడెనిమిదులు’ అనునప్పటికి పంతులుగారొక్కరే మిగిలెడివారు. వీధిబడి పోయినది, ఇసుకలో దిద్దుట పోయినది, పాఠశాలల గోడలపై రంగుల పటములు వెలసినవి. ఏడెనిమిదుల కష్టము మాత్రము చెక్కుచెదరలేదు.

వల్లెవేయుటను నిందించుట ఇప్పటివారికొక వేడుకయైనది. నాకది సమ్మతము కాదు. లయతో నేర్చినది చిరకాలము నిలుచును. పెద్ద బాలశిక్ష చదివిన తరమువారు పావు, అర, ముప్పావు ఎక్కములను సైతము ముదిమివరకు మరువకుండుటకు ఆ లయయే కారణము. ఐనను ఆ లయయందే ఒక చిక్కు దాగియున్నది. సంతనుండి వచ్చిన అమ్మమ్మ సంచి దింపుచు “ఒరే గుంటడా, ఏడెనిమిదులేటిరా?” అని హఠాత్తుగా అడిగినప్పుడు, ‘ఏడొకటి ఏడు’ అని మొదలిడి మెట్టుమెట్టుగా ఎక్కి వచ్చు మనుమనికి పాట వచ్చినదే కాని ఎక్కము రాలేదు. వరుస తప్పించి అడిగినను తడబడకుండవలెనన్నచో, ఆ వరుసను నవ్వుచు నవ్వుచు చెదరగొట్టు ఆటకంటె అనువైన సాధనము నాకు కనబడదు.

ఆటకు ముందు భయము తీర్చవలెను. పదవ ఎక్కము వరకు గుణకారములు నూరు. కాని మూడెనిమిదులును ఎనిమిది మూళ్ళును ఒకటియే యని గ్రహించిన పిల్లవానికి అవి 55 మాత్రమే. వీనినుండి ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కములను, అనగా ఎవరికైనను అప్రయత్నముగా వచ్చువానిని తీసివేసినచో మిగులునవి 21. తొమ్మిదేడులు కావలసినప్పుడు పదేడులు డెబ్బదినుండి ఒక ఏడు తగ్గించిన చాలునను కిటుకు తెలిసినచో మరి ఆరు తొలగి, నిజముగా కంఠస్థము చేయవలసినవి పదునైదు నిలుచును. ఈ తీసివేతను పెద్దలు చేసి చూపక, నూరు గళ్ళ పటము చేతికిచ్చి, తెలిసినవానినెల్ల పిల్లవానిచేతనే కొట్టివేయింపవలెను.

ఇక ఆట. చింతపిక్కలను బండపై రుద్ది, ఒకవైపు తెల్లన తేలువరకు అరగదీసి పాచికలుగా వాడుట మన ఇండ్లలో పాత వాడుకయే. అట్టి పిక్కలు పదునైదు గుప్పిట పట్టి విసరి, తెల్లగా పడినవెన్నో నల్లగా పడినవెన్నో చూచి, ఆ రెండంకెలను హెచ్చవేసి ముందుగా చెప్పినవారు ఆ లబ్ధమంతయు తమ పద్దున వ్రాసికొందురు. ఐదు వందలు ముందుగా చేరినవారిది గెలుపు. ఈ ఆటలోని సొగసు ఏమనగా, పిక్కలు ఏ వైపునకును మొగ్గక పడుచున్నయెడల, పదిసార్లు విసరినచో ఇంచుమించుగా ఏడుసార్లు, ఏడును ఎనిమిదియునో, ఆరును తొమ్మిదియునో వచ్చును; అనగా పిల్లలను మిక్కిలి వేధించు 56, 54 అను లబ్ధములే మాటిమాటికి ఎదురుపడి, జాము గడవకమునుపే చుట్టములైపోవును. చిన్నవారికి పది పిక్కలు చాలును; అప్పుడు, పిక్కలన్నియు ఒకే రంగున పడినప్పుడు తప్ప, వచ్చునవి 9, 16, 21, 24, 25. సమముగా చీలినకొలది లబ్ధము పెరుగుచున్నదేమని ఏ పిల్లయైనను అడుగువరకు పెద్దలు నోరు మెదపకుండుట మేలు.

పలాస, ఉద్దానము వైపు పిల్లలకు పిక్క యనగా జీడిపిక్కయే. ఇరవైనాలుగు పిక్కలిచ్చి, వరుసలన్నియు సమముగా నుండునట్లు పేర్చుమన్నచో, మూడెనిమిదులు, నాలుగారులు, రెండు పన్నెండులు నేలమీదనే కనబడును. ఒక పిక్క తీసివేసి ఇరవైమూటిని పేర్చుమన్నచో, ఒంటి వరుసగా తప్ప ఎంత బ్రతిమాలినను ఒదుగవు. అది ఏమి మొండితనమో పిల్లలే తర్కించుకొందురు. పచ్చి జీడిపిక్క రసము చర్మమును పొక్కించును గనుక, పసివారి చేతికి చింతపిక్కలే క్షేమము.

ఏడవ ఎక్కమునకు వేరొక మందు కలదు, అది వేయేండ్లనాటిది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగున పద్యములుగా సంతరించిన సంగతి సాహిత్యాభిమానులెరుగుదురు. అందు హారములవలె కూర్చిన గుణకారములు కొన్ని కలవు. వానిలో 142857143ను 7చే హెచ్చవేయునది యొకటి. పలకమీద ఒక్కొక్క అంకెను హెచ్చవేసి, చేతనున్నది కలుపుచు పోయినచో, ఏడు మూళ్ళు ఇరవైయొకటికి ఒకటి వేసి రెండు చేతనుంచుకొనినది మొదలు, ప్రతి తావునను సున్నయే పడుచు, చివరకు 1000000001 వెలువడును. ఒక్క అంకె తప్పినను హారము తెగును. దిద్దుటకు పంతులుతో పని లేదు; తొమ్మిది గుణకారములు చేసితినన్న శ్రమయు పిల్లవానికి తోచదు.

లెక్కించు తీరు ఎల్లరకు నొక్కటి కాదనుటకు మన పొరుగు కొండలే సాక్ష్యము. సీతంపేట కొండలలోని సవరలు తమ భాషలో పన్నెండింటిని, ఇరువదిని ఆధారముగా గొని లెక్కింతురు; తొంబదిమూటిని వారు చెప్పు పద్ధతి ‘నాలుగిరువదులు, పన్నెండు, ఒకటి’. మనము ఎక్కముగా నేర్చునది వారికి అంకె పలుకుటయందే ఇమిడియున్నది. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవర భాష నేర్చి, ఆ పిల్లలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథము వెలువరించిన గిడుగు రామమూర్తిగారు, పిల్లవాని నోటనున్న పలుకునుండియే చదువు మొదలు కావలెనని పట్టుపట్టినవారు. (గ్రాంథికముపై దండెత్తిన ఆ మహనీయుని గూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు వారు నన్ను క్షమింతురు గాక.) సవర బాలునికి ఎక్కములు చెప్పు ఉపాధ్యాయుడు ‘నాలుగిరువదులు ఎనుబది’ యను చోట ఆరంభించినచో, సగము పని ముందే జరిగియున్నట్లు గ్రహించును.

ఎక్కము వచ్చుట వేరు, అది ఎప్పుడు అక్కరకు వచ్చునో తెలియుట వేరు. ఈ రెండవది కథాలెక్కల పని. బ్రెజిల్ దేశపు రెసిఫే నగర వీధులలో కాయలమ్ము పిల్లలను గూర్చి 1985లో వెలువడిన పరిశోధనయందు పండ్రెండేండ్ల కొబ్బరికాయల బాలుడొకడు కలడు. కాయ 35 క్రుజేరోల చొప్పున పది కాయల వెల అడిగినప్పుడు, వాడు ముప్పదియైదు పక్కన సున్న చేర్చలేదు. మూడు కాయలు 105, మరి మూడు కలిపిన 210, మరి మూడింటితో 315, ఒకటి కలిపి 350 అని తేల్చెను. అట్టి పిల్లలే అవే లెక్కలు కాగితముపై ఇచ్చినప్పుడు తరచుగా తప్పుచుండిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మున్నగువారు 2025లో ప్రకటించిన పరిశోధనయందును, కలకత్తా, ఢిల్లీ బజారులలో బేరము చేయు పిల్లలు బడిలెక్కలయందును, బడిపిల్లలు బజారులెక్కలయందును తడబడుచున్నట్లే తేలినది. కవిటి, సోంపేట తోటలలో కొబ్బరికాయలు లెక్కపెట్టుచు పెరిగిన పిల్లలకు ఆ బాలుడు పరాయివాడు కాడు.

బడిలో గుణకార పాఠము జరుగునాడు ఇచ్చు లెక్కలన్నియు గుణకారపు లెక్కలే యగుటచేత, పిల్లవాడు కథను చదువనే చదువడు. రెండంకెలను వెదకి, హెచ్చవేసి, పలక చూపును. కావున కథాలెక్కలను కలగలిపి యియ్యవలెను; నడుమ ఒక కూడికను, ఒక తీసివేతను, అవసరము లేని అంకెనొకదానిని జొనుపవలెను. ఇంతకంటె మేలైనది, లెక్కను పిల్లలచేతనే కట్టించుట. పలాసలో జీడిపిక్కల బస్తా తూకము 80 కిలోలు. బస్తాకు రెండు కిలోల చొప్పున తరుగు తీసినచో ఏడు బస్తాలమీద తాత నష్టపోవునదెంత యని ఉద్దానపు బాలుడొకడు లెక్క కట్టినాడనుకొందము. దానికి కావలసినది రెండవ ఎక్కమే. కాని పద్నాలుగు కిలోలని చెప్పి ఊరకుండు పిల్లవాడు ఆ తరగతిలో నుండడు, కిలో ధర ఎంతయని వెంటనే అడుగును.