నడుము నొప్పికి చేతి చికిత్స: ఏం చేస్తుంది, ఏం చేయలేదు?

“పూస జరిగిందన్నారండి. ఒక్కసారి నొక్కి లోపలికి పంపించండి, చాలు.” మా ఫిజియోథెరపీ విభాగానికి వచ్చేవారిలో చాలామంది ఇలాగే అడుగుతుంటారు. నాట్లు వేసే తల్లులు, బస్తాలు మోసే కూలీలు, ఆటో డ్రైవర్లు, అందరిదీ ఇదే మాట. కొందరు అప్పటికే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుము తొక్కించుకుని మరీ వస్తారు.

నడుము నొప్పి మూడు నెలలు దాటితే దానిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. ఇలాంటి వారిలో ఎక్కువమందికి ఫలానా పూస వల్లనే నొప్పి అని చెప్పడానికి వీలుండదు. స్కానింగులో డిస్కు ఉబ్బు కనిపించినంత మాత్రాన భయపడనక్కరలేదు. ఏ నొప్పీ లేనివారిలో కూడా, వయసు పెరిగేకొద్దీ, అది కనిపిస్తుంది.

చేతులతో మేము ఏం చేస్తాం?

1. మర్దన: బిగుసుకున్న నడుము, పిరుదుల కండరాలను నొక్కి సడలిస్తాం.

2. మొబిలైజేషన్: రోగిని బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూసపై బొటనవేళ్లతో గాని, అరచేతి అంచుతో గాని లయగా నొక్కి వదులుతాం. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ దీనిని నాలుగు స్థాయిలుగా విభజించారు. నొప్పి ఎక్కువగా ఉంటే మొదటి రెండు స్థాయిలలో తేలికగా, బిగుతు ఎక్కువగా ఉంటే తర్వాతి స్థాయిలలో లోతుగా చేస్తాం.

3. మల్లిగన్ పద్ధతి: న్యూజిలాండ్‌కు చెందిన బ్రయాన్ మల్లిగన్ దీనిని రూపొందించారు. మేము పూసపై చేయి ఆనించి పట్టి ఉంచుతాం, రోగి తానే వంగి లేవాలి. నొప్పి కలిగితే వెంటనే ఆపేస్తాం.

4. మానిప్యులేషన్: ఇది ఒకే ఒక్క చిన్న, వేగమైన తోపు. ‘టక్’మని శబ్దం రావచ్చు. అది కీలు ద్రవంలోని వాయు బుడగ వల్ల వచ్చేదే గాని, పూస లోపలికి వెళ్లిన శబ్దం కాదు. శిక్షణ పొందినవారే దీనిని చేయాలి.

ఇంతకీ వీటి వల్ల పూస స్థానం మారదు. నరాలలో నొప్పి సంకేతాలు తగ్గుతాయి, కండరాలు సడలుతాయి. ఈ ఉపశమనం కొద్దిపాటిదే, కొద్దికాలమే ఉంటుంది. నొప్పి తగ్గిన ఆ సమయంలోనే నడక, వ్యాయామాలు మొదలుపెట్టాలి. పడుకుని ఉండిపోతే నొప్పి మళ్లీ తిరిగి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం, మర్దన, మానిప్యులేషన్ వంటివాటిని సూచించాయి. నడుము బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడవద్దన్నాయి.

ఈ లక్షణాలుంటే నడుముపై ఎవరినీ చేయి వేయనివ్వకండి, ముందు డాక్టరుకు చూపించండి:

• సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం (వెన్నుపూసకు క్షయ సోకి ఉండవచ్చు)
• గతంలో క్యాన్సర్ వచ్చి ఉండడం
• కింద పడిన తర్వాత మొదలైన నొప్పి, ముఖ్యంగా వృద్ధులలో
• చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతుండడం
• కాలు బలహీనపడడం

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరెక్కినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు.

ఎక్కడికి వెళ్లినా ఒక్కటి గమనించండి. పై ప్రశ్నలేవీ అడగకుండా నేరుగా నడుము నొక్కడం మొదలుపెడితే, “ఆగండి” అని చెప్పే హక్కు మీకుంది. మా దగ్గరికి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తప్పక తీసుకురండి.