సైకిల్ గొట్టాల నుంచి పెనుకొండ దాకా: కియా ప్రస్థానం, యజమానుల తీర్పు

బెంగళూరు నుంచి హైదరాబాద్ వైపు 44వ నంబరు జాతీయ రహదారిపై వచ్చేవారికి పెనుకొండ సమీపాన దృశ్యం ఒక్కసారిగా మారుతుంది. ఒకవైపు విజయనగర రాజులకు రెండో రాజధానిగా వెలిగిన కొండకోట, మరోవైపు ఎర్రమంచి వద్ద వందల ఎకరాల్లో విస్తరించిన కర్మాగారం, దాని ఆవరణలో బారులు తీరిన కొత్త కార్లు కనిపిస్తాయి. రహదారి పక్కన అక్కడక్కడ కొరియన్ లిపిలో రాసిన భోజనశాలల బోర్డులూ ఉంటాయి. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే ప్రాంతాల్లో ఇది ఒకటి. వేరుశనగ పంట చేతికి రాకపోతే బెంగళూరుకో కేరళకో వలసపోవడం తప్ప వేరే దారి లేని పల్లెలకు ఈ దృశ్యం ఇంకా కొత్తగానే ఉంది.

ఈ కర్మాగారంలో తయారైన తొలి కారు సెల్టోస్ 2019 ఆగస్టులో విపణిలోకి వచ్చింది. అప్పటికి మన దేశంలో చాలామందికి కియా అన్న పేరే తెలియదు. ఎక్కడిదీ కంపెనీ, ఎన్నాళ్లుంటుంది, విడిభాగాలు దొరుకుతాయా అని కొనుగోలుదారులు అడిగేవారు. మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు తర్వాత అతి పెద్ద ఖర్చు కారే కాబట్టి ఆ సందేహాల్లో అన్యాయమేమీ లేదు. నిజానికి కియాకు అప్పటికే 75 ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రెండుసార్లు కంపెనీ మూతపడే అంచుదాకా వెళ్లి వచ్చింది.

కియా అన్న మాట రెండు చైనా లిపి అక్షరాల కలయిక. ఒకదానికి లేవడమని, రెండోదానికి ఆసియా అని అర్థం. ఆసియా నుంచి పైకి లేచినది అని కంపెనీ చెప్పుకుంటుంది. పేరు ఘనమైనదే గానీ పుట్టుక సామాన్యం. 1944లో, కొరియా ఇంకా జపాన్ పాలనలో ఉండగా, కిమ్ చోల్-హో అనే వ్యాపారి సియోల్‌లో ఉక్కు గొట్టాలు, సైకిల్ విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారం స్థాపించారు. కొరియా యుద్ధం రావడంతో దానిని దక్షిణ కొసన ఉన్న బుసాన్ రేవుకు తరలించారు. ఆ యుద్ధకాలంలోనే దేశంలో తయారైన తొలి సైకిల్ అక్కడి నుంచి వెలువడింది. దానికి పెట్టిన పేరు సామ్‌చుల్లీ. కొరియా ద్వీపకల్పం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు మూడు వేల 'రీ'ల దూరమని అక్కడి వాడుక, పేరు దానినుంచే వచ్చింది. రెండు ముక్కలైన దేశంలో ఒక సైకిల్‌కు అఖండ దేశపు కొలతను పేరుగా పెట్టుకున్నారు. 1952లో కంపెనీ కియా అన్న పేరు స్వీకరించింది.

తర్వాతి మెట్లు చకచకా సాగాయి. హోండా సహకారంతో మోటార్ సైకిళ్లు, 1962లో మాజ్దా సాంకేతికతతో మూడు చక్రాల సరుకు బళ్లు, 1973లో సియోల్ శివార్లలోని సోహారీలో పూర్తిస్థాయి కార్ల కర్మాగారం, మరుసటి ఏడాది బ్రీసా అనే కారు వచ్చాయి. అదీ మాజ్దా నమూనానే. అయినా కొరియా ప్రజలు దానిని తమ కారుగానే ఆదరించారు.

మొదటి పెద్ద దెబ్బ మార్కెట్ నుంచి కాక ప్రభుత్వం నుంచి తగిలింది. రెండో చమురు సంక్షోభంలో అమ్మకాలు పడిపోయిన వేళ, 1981లో చున్ డూ-హ్వాన్ సైనిక ప్రభుత్వం వాహన పరిశ్రమను బలవంతంగా పంచిపెట్టింది. ప్రయాణికుల కార్లు ఇతరులు చేయాలి, కియా చిన్న ట్రక్కులకే పరిమితం కావాలి అన్నది ఆ ఆదేశం. అచ్చొచ్చిన వ్యాపారం కళ్ల ముందే చేజారింది. అప్పుడు కంపెనీని నిలబెట్టింది బోంగో. సరుకు ట్రక్కుగానూ, ఇంటిల్లిపాదీ కూర్చునే వ్యానుగానూ వచ్చిన ఆ బండి ఎంతగా అమ్ముడైందంటే, కొరియాలో వ్యాను ఏ కంపెనీదైనా దాన్ని బోంగో అనే పిలవడం అలవాటైంది. మన వద్ద వనస్పతి మొత్తం డాల్డా అయినట్టన్న మాట. ఆంక్షలు సడలాక 1980ల ద్వితీయార్ధంలో ఫోర్డ్, మాజ్దాలతో కలిసి చేసిన ప్రైడ్ కారుతో కియా తిరిగి కార్ల రంగంలోకి వచ్చింది.

రెండో దెబ్బ మరింత తీవ్రమైనది. కొరియాలో పెద్ద కంపెనీలన్నీ ఏదో ఒక సంపన్న కుటుంబం గుప్పిట్లో ఉండే కాలంలో, వృత్తి నిపుణుల చేతిలో నడిచే సంస్థగా కియాకు ప్రజల్లో ప్రత్యేక గౌరవం ఉండేది. కానీ ఆ గౌరవం అప్పులు తీర్చలేదు. ఉక్కు వంటి రంగాలకు విస్తరించి తలకు మించిన భారం ఎత్తుకున్న కియా 1997 జులైలో చేతులెత్తేసింది. ఆ ఏడాది చివరికి కొరియా ప్రభుత్వమే అంతర్జాతీయ ద్రవ్యనిధి ఎదుట నిలబడింది. కియా పతనం ఆ సంక్షోభానికి ఏకైక కారణం కాకపోయినా, విదేశీ రుణదాతల విశ్వాసాన్ని కదిలించిన ఘటనల్లో అది ముఖ్యమైనది. 1998లో జరిగిన వేలంలో ఫోర్డ్‌తో సహా పలువురు పోటీపడగా, స్వదేశీ ప్రత్యర్థి హ్యుందాయ్ 51 శాతం వాటా దక్కించుకుంది.

అప్పటినుంచి రెండు పేర్లూ ఒకే గూటివి. ఇంజన్లు, గేర్‌బాక్సులు, కింది చట్రం ఉమ్మడి. పైకి కనిపించే రూపం, అమ్మే దుకాణం మాత్రం వేరు. మన దేశంలో సెల్టోస్‌కు క్రెటా, సోనెట్‌కు వెన్యూ ఇలాంటి తోబుట్టువులే. లోపల ఉన్నది ఒకటే అయినప్పుడు కొనేవాడు రెండోదాన్ని ఎందుకు ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు కియా రూపకల్పనలో సమాధానం వెతుక్కుంది. 2006లో ఫోక్స్‌వాగన్ సంస్థ నుంచి పీటర్ ష్రయర్ అనే జర్మన్ రూపశిల్పిని తెచ్చుకుంది. ఆయన రూపొందించిన, పులి ముక్కును తలపించే ముందు జాలీ నేటికీ కియా కార్ల ముఖచిహ్నం. 2021లో మార్చిన కొత్త అక్షరాల చిహ్నాన్ని మాత్రం కొందరు కేఎన్ అని చదువుకుని, ఆ పేరు గల కారు కోసం ఇంటర్నెట్‌లో వెతికారు.

యజమానుల అభిప్రాయం ఎలా మారిందో తెలుసుకోవడానికి అమెరికా మంచి ఉదాహరణ. 1994లో అక్కడ అడుగుపెట్టిన కియాకు తొలి ఏళ్లలో చవకబారు బండి అన్న ముద్ర పడింది. ఆ ముద్రను చెరపడానికి కంపెనీ ఇంజన్, గేర్‌బాక్సులకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల హామీ ఇచ్చింది. ఐరోపాలో ఏడేళ్ల హామీ ఇచ్చింది. హామీ ఇచ్చినప్పుడు చెడిపోయిన ప్రతి బండీ కంపెనీ ఖర్చే అవుతుంది గనుక, నాణ్యత పెంచక తప్పని పరిస్థితిని అది తనకు తానే కల్పించుకుంది. కొత్త కారు కొన్నవారిని ప్రశ్నించి జె.డి. పవర్ సంస్థ రూపొందించే తొలి నాణ్యత జాబితాలో 2016లో కియా ఖరీదైన కంపెనీలన్నింటినీ దాటి మొదటి స్థానంలో నిలిచింది. మూడేళ్లు వాడినవారిని అడిగి చేసే మన్నిక సర్వేలోనూ 2022లో దానిదే అగ్రస్థానం.

అయితే అదే అమెరికాలో, అదే యజమానుల చేత తిట్లు తిన్న ఉదంతాలూ తక్కువేమీ కాదు. మైలేజీని ఎక్కువ చేసి చూపినందుకు 2014లో హ్యుందాయ్, కియా కలిసి 10 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. కొన్ని ఇంజన్లలో లోపాల కారణంగా లక్షలాది కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. అన్నింటికన్నా వింతైనది చోరీల ఉదంతం. 2011 నుంచి 2021 వరకు అమెరికాలో అమ్మిన పలు మోడళ్లలో ఇమ్మొబిలైజర్ అమర్చలేదు. సరైన తాళంచెవిని గుర్తిస్తే తప్ప ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరమది. అది లేని కార్లను యూఎస్‌బీ కేబుల్ కొసతో ఎలా స్టార్ట్ చేయవచ్చో కుర్రాళ్లు 2022 ప్రాంతంలో వీడియోల్లో చూపించడంతో నగరాల్లో దొంగతనాలు వెల్లువెత్తాయి. కొన్ని బీమా సంస్థలు ఆ కార్లకు పాలసీ ఇవ్వడానికే నిరాకరించాయి. చివరకు రెండు కంపెనీలూ సుమారు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించి, బాధితులతో 20 కోట్ల డాలర్ల మేర పరిష్కారానికి వచ్చాయి.

గమనించవలసిందేమిటంటే, సరిహద్దుకు అటువైపు కెనడాలో ఈ బెడద లేదు. అక్కడ 2007 నుంచే ఇమ్మొబిలైజర్ చట్టరీత్యా తప్పనిసరి. కంపెనీ అదే, కారూ అదే. చట్టం అడిగిన చోట పరికరం పెట్టింది, అడగని చోట ఖర్చు మిగుల్చుకుంది.

ఈ సంగతి భారతీయ కొనుగోలుదారులకూ సంబంధించినదే. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ రెండు ఎయిర్‌బ్యాగులున్న సెల్టోస్‌ను ఢీకొట్టించి పరీక్షించినప్పుడు దానికి అయిదింటికి మూడు నక్షత్రాలే దక్కాయి. కారు చట్రం స్థిరంగా లేదని కూడా ఆ సంస్థ పేర్కొంది. అప్పటివరకు సన్‌రూఫ్, చల్లగాలి సీట్లు, వెడల్పాటి తెర గురించే సాగిన చర్చ ఆ తర్వాత కొంత దారి మళ్లింది. 2022లో కారెన్స్‌ను అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులతో తెచ్చారు. అదే ఏడాది సెల్టోస్‌కూ ఆరు తప్పనిసరి చేశారు. 2025లో వచ్చిన సైరాస్ భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు సాధించింది. నక్షత్రాలు చూసి కారు కొనే అలవాటు మన వద్ద బలపడుతున్న కాలంలోనే ఈ మార్పు జరగడం యాదృచ్ఛికమని చెప్పలేం.

పెనుకొండ కర్మాగారం నేపథ్యం తెలుగువారికి తెలిసినదే. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం 536 ఎకరాలు, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. కరవు సీమలో కార్ల పరిశ్రమకు నీరెక్కడిదన్న ప్రశ్నకు హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరే కృష్ణా జలాలు జవాబయ్యాయి. భూమి ఇచ్చిన పల్లెల్లో ఉద్యోగాల లెక్క నేటికీ చర్చనీయాంశమే. ఆ ప్రాంతం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2020 ఆరంభంలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోనున్నదన్న వార్త ఒకటి రాష్ట్రాన్ని కుదిపింది. ప్రభుత్వం, కంపెనీ రెండూ దానిని ఖండించాయి, కర్మాగారం కదలలేదు.

ఇక మన రోడ్లపై కియా నడుపుతున్నవారు చెప్పేదేమిటి? మెచ్చుకోళ్లలో మొదటిది ఇచ్చిన సొమ్ముకు దక్కే సౌకర్యాలు. రెండోది డీజిల్. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పగా, కియా కొనసాగించింది. వారానికోసారి హైదరాబాద్ నుంచి సొంతూరికి వెళ్లివచ్చే కుటుంబాలు 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను, అది ఇచ్చే మైలేజీని ప్రత్యేకంగా ప్రస్తావిస్తాయి. మూడు వరుసల కారెన్స్‌కు పెద్దలు, పిల్లలు కలిసి ప్రయాణించే ఇళ్లలో ఆదరణ ఉంది.

ఫిర్యాదుల్లో ముందుగా వినిపించేది ప్రయాణపు కుదుపు. తొలి సెల్టోస్ సస్పెన్షన్ బిగువుగా ఉండడంతో గతుకుల రోడ్డుపై వెనుక సీటులో కూర్చున్న పెద్దవారు ఇబ్బంది పడతారని అంటారు. నగరంలో టర్బో పెట్రోల్ ఇంజన్ తాగే ఇంధనం మరో ఫిర్యాదు. మూడోది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. దీనిని కాస్త వివరంగా తెలుసుకోవాలి. ఇందులో రెండు క్లచ్‌లుంటాయి, బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. ఒకటి పనిచేస్తుండగా తర్వాతి గేరు రెండోదానిపై సిద్ధంగా ఉంటుంది కాబట్టి గేర్లు రెప్పపాటులో మారతాయి. హైవే మీద అది హాయి. కానీ ఏడు గేర్ల రకంలో ఈ క్లచ్ పలకలు నూనెలో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ వద్దనో నత్తనడక నడిచే ట్రాఫిక్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా, పూర్తిగా వదలకుండా రాసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడికి వేడెక్కి తెరపై హెచ్చరిక వస్తుంది. ముందు కారుకు కొంత దూరం వదిలి ఒకేసారి కదలడం, ఎత్తుపై యాక్సిలరేటర్‌తో కాక బ్రేకుతో కారును ఆపి ఉంచడం దీనికి విరుగుడు. కొనేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదన్నదే చాలామంది బాధ. రోజూ నగర ట్రాఫిక్‌లోనే తిరిగేవారికి మాన్యువల్ గానీ, సాధారణ ఆటోమేటిక్ గానీ మేలు.

సర్వీసు విషయంలో అభిప్రాయాలు ఊరినిబట్టి మారతాయి. పెద్ద నగరాల్లో తృప్తిగా ఉన్నవారు ఎక్కువ. సర్వీసు కేంద్రం దూరంగా ఉన్న చిన్న పట్టణాల్లో ఢీకొన్న కారుకు బంపర్ లేదా ఎల్‌ఈడీ దీపం రావడానికి పట్టే రోజులు, వాటి ధర గురించి అసంతృప్తి వినిపిస్తుంది. సెన్సర్లు, తెరలు పెరిగేకొద్దీ చిన్న దెబ్బకే పెద్ద బిల్లు వస్తోందన్న మాట అన్ని కంపెనీల కార్లకూ వర్తించేదే అయినా, సౌకర్యాలే ప్రధాన ఆకర్షణగా అమ్ముడైన కియా విషయంలో అది మరింత గట్టిగా వినిపిస్తుంది.

2019లో అమ్మిన తొలి సెల్టోస్‌లకు ఇచ్చిన మూడేళ్ల సాధారణ హామీ ఎప్పుడో ముగిసింది. అదనంగా కొనుక్కున్న హామీలూ ముగుస్తున్నాయి. ఆ కార్లు ఇప్పుడు రెండో యజమానుల చేతికి వెళ్తున్నాయి. కంపెనీ షోరూము మెట్లు ఎక్కని ఆ యజమానులు అనంతపురంలో, కర్నూలులో, మహబూబ్‌నగర్‌లో రోడ్డు పక్క మెకానిక్ షెడ్ల ముందు బండి ఆపి బానెట్ ఎత్తిస్తున్నారు. ఆ మెకానిక్కులు అంబాసిడర్‌నూ, మారుతి 800నూ, శాంట్రోనూ విప్పి బిగించినవారు. కియా ఇంజన్ మీద వారి చేయి ఇప్పుడిప్పుడే పడుతోంది.