మీకు తెలుసా? గాలికి నిలిచే ఉక్కు గుమ్మటం

అనంతపురం కరువు నేల మీద ఉక్కు కట్టడానికి అసలు శత్రువు వాన కాదు, గాలి. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టారు మరి! గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

ఆ గాలిని తట్టుకునేది జియోడెసిక్ గుమ్మటం, అంటే త్రిభుజాల చట్రాలతో అల్లిన గుమ్మటం. దాని బలమంతా ఆ త్రిభుజాలదే. నాలుగు కడ్డీల చట్రాన్ని పక్కకు నెడితే ఒరిగిపోతుంది. మూడింటి చట్రం మాత్రం కడ్డీ వంగితేనో, విరిగితేనో తప్ప ఆకారం మారదు. 1967లో మాంట్రియల్‌లో కట్టిన ఇలాంటి 76 మీటర్ల వ్యాసపు గుమ్మటానికి 1976లో నిప్పంటుకుని పైకప్పు అక్రిలిక్ అంతా కాలిపోయింది, ఉక్కు చట్రం మాత్రం నేటికీ ఉంది.

తేలికగా ఉండడం ఈ గుమ్మటానికి మేలూ, ముప్పూ. ఈదురుగాలి దాన్ని పైకి లేపాలని చూస్తుంది. కాబట్టి చట్రంలోని పైపుల మందం ఎంత ముఖ్యమో పునాది కాంక్రీటులో దిగిన బోల్టులూ అంతే ముఖ్యం. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

అనంతపురం పొడిగాలిలో తుప్పు కోస్తాలో కంటే నెమ్మదిగా పడుతుంది. అయినా గాల్వనైజింగ్ వదలొద్దు. సుమారు 450 డిగ్రీల వద్ద కరిగిన జింకులో ముంచిన ఉక్కు మీద గీత పడినా, ముందు జింకే అరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. అయితే పైపుల చివరలు నొక్కడం, రంధ్రాలు వేయడం, వెల్డింగ్ అన్నీ ముంచక ముందే అయిపోవాలి.

ఎండ సంగతీ చూసుకోవాలి: 40 డిగ్రీల తేడాకు 10 మీటర్ల ఉక్కు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది.