రైళ్లు తిరుగుతున్నా "రాదు" అన్న కామెంటే పైన ఎందుకు?

2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. గాల్లో వేలాడే పట్టాల ఫొటోలు ఫోను ఫోనుకూ చేరాయి. అలాంటి ఫొటో కింద "రేపు రైలు వస్తదా?" అని జనగామ ప్రయాణికుడొకరు అడిగారనుకుందాం. "రాదు" అని ఒకరు చెప్పారు. 4న రైళ్లు మళ్లీ కదిలాక "ఇయ్యాల నడుస్తున్నయి" అని ఇంకొకరు రాశారు. మర్నాడు చూసినవాళ్లకు కావాల్సింది రెండో మాట. పైన కనిపించేది మాత్రం మొదటిదే కావచ్చు.

ఎందుకలా?

ఫేస్‌బుక్ చాలాచోట్ల కామెంట్లను 'మోస్ట్ రెలవెంట్' వరుసలో చూపిస్తుంది. లైకులు, జవాబులు ఎక్కువ వచ్చినవి పైకొస్తాయి. పాత కామెంటుకు లైకులు పోగయ్యేంత సమయం దొరికింది, కొత్తదానికి దొరకలేదు. పెళ్లి ఫొటో కింద ఈ వరుసతో ఇబ్బంది లేదు. వరద కబురు దగ్గరే చిక్కు.

కంపెనీలు వరుస ఎందుకు మారుస్తాయి?

వందల కామెంట్లలో పనికొచ్చేవి పైకి తేవాలన్నది ఒక కారణం. జనం ఎక్కువసేపు ఉంటే ప్రకటనలు ఎక్కువ చూపొచ్చన్నది మరొకటి.

మంచికే మార్చినా కోపమెందుకు?

2013 ఆగస్టులో ట్విటర్ ట్వీటునూ దానికొచ్చిన జవాబులనూ నీలిగీతతో కలిపి, పాతది పైన, కొత్తది కింద పెట్టింది. ఆలోచన సబబే. కానీ కొత్తది పైనుండే చోట ఉన్నట్టుండి పాతది ఎదురయ్యేసరికి చాలామంది విసుక్కున్నారు. చదివే తీరు చేతికి అలవాటై ఉంటుంది. అడక్కుండా దాన్ని మారిస్తే ఒళ్లు మండుతుంది.

గోల చేస్తే ఫలితముంటుందా?

కొంత ఉంటుంది. 2006లో ఫేస్‌బుక్, మిత్రుల కబుర్లన్నీ ఒకేచోట చూపే న్యూస్‌ఫీడ్ తెచ్చినప్పుడు లక్షలమంది ఎదురుతిరిగారు. ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ క్షమాపణ చెప్పి ప్రైవసీ సెట్టింగులు ఇచ్చాడు, ఫీడ్ మాత్రం తీయలేదు. ఇన్‌స్టాగ్రామ్ 2016లో తీసేసిన తేదీల వరుసను 2022లో వెనక్కి తెచ్చింది, అదీ కోరుకున్నవాళ్లకే.

మనం ఎలా సర్దుకోవాలి?

కామెంట్ల పైనున్న 'మోస్ట్ రెలవెంట్' నొక్కి 'న్యూయెస్ట్' ఎంచుకోండి. ప్రతి కామెంటు కింద ఎంతసేపటి కిందటిదో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూశాకే నమ్మండి. వాట్సాప్ గ్రూపులో ఉత్త "రాదు" అనకుండా, అడిగిన మెసేజ్‌ను నొక్కిపట్టి దానికే రిప్లై ఇవ్వండి. పేజీ నడిపేవాళ్లు పాత పోస్టును ఎడిట్ చేసి, తాజా సంగతిని తేదీ, టైముతో మొదటి లైనులో రాయాలి.

2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి సాయం కోసం చూశారు. అంతటి ఆపదలో మన పోస్టు ఎవరికి ఎప్పుడు కనబడుతుందో మన చేతుల్లో ఉండదు. ముందు 112కు ఫోన్ చేయండి. పోస్టు ఆ తర్వాతే, అందులోనూ ఊరు, మండలం, టైము తప్పకుండా రాయండి.