సి విటమిను సూదిమందు సెప్టిక్ షాకును మాన్పునా?

మన బైరెడ్డిపల్లె ప్రాంతమున కొడవలి గాటో, ముల్లు గాయమో చీముపట్టుట అపూర్వము కాదు. పెక్కు గాయములు మానిపోవును. ఒక్కొక్కప్పుడు మాత్రము, సూక్ష్మక్రిములతో పోరుటలో శరీరము హద్దుమీరి తన యవయవములకే హాని చేసికొనును. దీనిని సెప్సిస్ అందురు. న్యుమోనియా, మూత్రకోశ వ్యాధి, బాలింత జ్వరము కూడ దీనికి దారితీయవచ్చును. రక్తనాళములు సడలి, సెలైను ఎక్కించినను రక్తపుపోటు నిలువనిచో అది సెప్టిక్ షాక్.

ఇట్టి రోగికి సి విటమినును సిరలోనికి ఎక్కించినచో ప్రాణము దక్కునని కొందరు చెప్పుట నేను వినియున్నాను. ఆ మాట విలువ యెంతయో విచారింతము.

ఆ యాశ నిరాధారమైనది కాదు. సెప్సిస్ రోగుల రక్తమున సి విటమిను మిక్కిలి తగ్గియుండును. రక్తపుపోటును నిలుపు నారడ్రినలినును శరీరము తయారు చేసికొనుటకు ఈ విటమిను అవసరము. 2017లో అమెరికాలోని నార్ఫోక్ నగర వైద్యుడు పాల్ మారిక్, 47 మంది రోగులకు సి విటమిను, హైడ్రోకార్టిసోను, థయమిను కలిపి యిచ్చిన ఫలితమును ప్రకటించెను. వారిలో నూటికి 8.5 మంది ఆసుపత్రిలో మరణించిరి. అంతకుముందు ఆ చికిత్స పొందని 47 మందిలో నూటికి 40.4 మంది మరణించిరి.

అయితే ఈ రెండు గుంపులును ఒకే కాలమునందలివి కావు. తేడా మందువలననో, మరియొక కారణమువలననో తేల్చుటెట్లు? 1747లో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు స్కర్వీ సోకిన 12 మంది నావికులను ఇద్దరిద్దరిగా విభజించి, ఒకే కాలమున వేర్వేరు చికిత్సలు చేసెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న యిద్దరే త్వరగా కోలుకొనిరి. సి విటమిను గల పండ్లకు కీర్తి తెచ్చిన యీ సరిపోల్చు పద్ధతినే ఇప్పుడు సి విటమినుపై ప్రయోగింపవలసి వచ్చెను.

2020లో వెలువడిన పరిశోధనయందు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, బ్రెజిలు దేశముల రోగులు 216 మందిని చీటీలు వేసినట్లుగా రెండు పాళ్లు చేసిరి. రెండు పాళ్లవారికిని హైడ్రోకార్టిసోను ఇచ్చి, ఒక పాలువారికి మాత్రము సి విటమిను, థయమిను చేర్చిరి. షాకు త్వరగా తగ్గలేదు. 2022లో 872 మందిపై వెలువడిన ఫలితము మరింత గంభీరము. 28 దినములనాటికి మరణించినవారు, లేక అవయవముల పని చెడి యంత్రముల యొక్కయో మందుల యొక్కయో ఆధారముపై నున్నవారు, సి విటమిను పొందినవారిలో నూటికి 44.5 మంది, ఉత్తమందు పొందినవారిలో 38.5 మంది. మేలు మాట యటుంచి, కీడే కనబడినది. 2021లో వెలువడిన అంతర్జాతీయ వైద్య సూచనలు కూడ సెప్సిస్‌నకు దీనిని వాడవలదనియే సలహా నిచ్చినవి.

మరి రోగికి దిక్కేమి? షాకు తెలిసిన గంటలోపల తగిన యాంటీబయాటిక్ మందు, సిరలోనికి ద్రవము, అవసరమైనచో నారడ్రినలిను, చీము నిలిచినచోట దానిని తీసివేయుట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినదని మన మెరిగినదే. క్రిమిని చంపు అట్టి మందులే నేటికిని ఈ చికిత్సకు మూలము.

జ్వరముతో మతి తప్పుట, ఆయాసము, కాలు సేతులు చల్లబడుట, మూత్రము తగ్గుట కనబడినచో ఊరిలో ఏ బలపుసూదికిని కాలము వెచ్చింపకుడు. వెంటనే 108 బండిని పిలిచి పెద్ద ఆసుపత్రికి చేర్పుడు. ఉసిరికాయను నిత్యము భోజనములో సంతోషముగా తినుడు. సెప్టిక్ షాకునందు మాత్రము దానిలోని విటమినును నమ్మి గంటలు పోగొట్టుకొనవలదని నా మనవి.