పాటకు ముందే రుసుమా?

మీ కుమార్తెయో కోడలో ఇంటనే స్వరము కూర్చి పాటలు రికార్డు చేయుచున్నదనుకొనుడు. అట్టి పాటను సినిమాలోగాని వ్యాపారప్రకటనలోగాని వాడుకొనువారు హక్కుదారుల యనుమతి పొంది ప్రతిఫలము నీయవలయును. వారికి పాటలను వినిపించెదమని కొందరు మధ్యవర్తులు ముందుగనే రుసుము గోరుదురు. అమెరికాలో 1992లో వెలసిన టాక్సీ యను సంస్థ సాలుచందాయేగాక, పంపిన ప్రతిపాటకును రుసుము గొను పద్ధతి నవలంబించినది. పాట యంగీకరింపబడిన పిదపనే వాటా గొనువారును గలరు.

ఇందేది మేలు? వాటాదారునకు పాట యంగీకరింపబడినగాని ఫలము లేదు, కావున శ్రమించును. ముందే రుసుము గొన్నవానికి పాట తిరిగివచ్చినను నష్టము లేదు. ఇంతమాత్రమున వారెల్లరు వంచకులనరాదు. అనుభవజ్ఞులు శ్రద్ధగా విని గుణదోషములు వ్రాసి పంపినచో, ఆ శ్రమకు వెల గలదు. అయినను అది బోధనకిచ్చు వెలయేగాని అవకాశమునకు హామీ కాదు.

కావున పైకము పంపకమునుపు, ఇదివరకు వారెవరి పాటలను ఏ చిత్రములలో చేర్చిరో అడుగుడు. హక్కులెవరికి, ఎంతకాలము పోవునో ఒడంబడికలో చదువుడు. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణము, సినిమాపాటకు థియేటరు ప్రదర్శన గాక ఇతర వినియోగములవలన వచ్చు రాయల్టీలో కవికిని స్వరకర్తకును సమభాగము నిలిపినది. దానిని నిర్మాతకు వ్రాసియిచ్చినను చెల్లదు.

మొదట వాటాదారులనే వెదకుడు. రుసుమే చెల్లింపవలసివచ్చినచో, పోయినను ఇంటికి లోటురాని పైకమునే వెచ్చింపుడని మా మనవి.